ఎల్‌ఎస్50 స్పీకర్లకు యాంప్ కావాలి – బడ్జెట్ 40 వేలు, ఊరు నల్లగొండ

పానగల్ శ్రోత · మార్చి 2, రాత్రి 10:20

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయలేదు. ఇవాళ అవసరం పడింది.

పోయిన నెల హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర కెఫ్ ఎల్‌ఎస్50 జత సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. వైర్‌లెస్‌వి కావు, మామూలువే. ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల మధ్య పెట్టుకొని బస్సులో తెచ్చాను. ఒక్కోటి ఏడు కిలోల పైనే. నార్కట్‌పల్లి దాటేసరికి తొడలు మొద్దుబారిపోయాయి.

ఇంట్లో ఆరేళ్ల నాటి ఏవీ రిసీవర్ (ఏవీఆర్, హోమ్ థియేటర్‌కు వాడే యాంప్) ఉంది. ఏడు ఛానెళ్లు, డబ్బా మీద ఛానెల్‌కు 140 వాట్లు అని రాసి ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ అభిమానులు ఎక్కువ. పాత చిన్న స్పీకర్లు దీంతో ఏ గొడవా లేకుండా మోగేవి. కొత్తవి పెట్టాక తక్కువ సౌండ్‌లో చాలా బాగుంది, గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. కానీ కాస్త పెంచి తనియావర్తనం పెడితే, మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గట్టి దెబ్బ పడగానే లోపల టక్కుమని రిలే (స్పీకర్లను విడదీసే స్విచ్) పడిపోతుంది. డిస్‌ప్లే మీద ప్రొటెక్ట్ అని వస్తుంది. ఆపి ఆన్ చేస్తే మళ్లీ మామూలే.

హాలు 14×18 అడుగులు. పైన స్లాబు, కింద తాండూరు బండలు. నేను కూర్చునేది 11 అడుగుల దూరంలో. 40 వేలలో ఏం కొనాలి? ఇంకా పెద్ద ఏవీఆరా, స్టీరియో యాంపా, చైనా నుంచి వచ్చే చిన్న డబ్బాలా? పాట వినడమే టెన్షన్ అయిపోయింది.

జడ్చర్ల జంక్షన్ · మార్చి 2, రాత్రి 10:41

వాట్లు సరిపోవట్లేదు అన్నా. 200 వాట్లది తీసుకో, అయిపోతుంది.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 2, రాత్రి 11:15

జంక్షన్ తమ్ముడూ, కొంచెం ఆగు. 140 చాలనప్పుడు 200 ఎందుకు చాలుతుందో చెప్పకుండా ఖర్చు పెట్టించకు.

పానగల్ గారూ, రూపాయి ఖర్చు లేనివి ముందు మూడు చూడండి. ఒకటి, స్పీకర్ వైరు చివర్లు. యాంప్ వెనకాల ఎర్ర టెర్మినల్ నుంచి ఒక్క పోగు తప్పించుకొని నల్లదానికి తగిలినా ఇదే లక్షణం. టార్చ్ వేసి చూడండి. రెండు, రిసీవర్ ఎక్కడ పెట్టారు? పైన గాలి ఆడుతోందా? మూడు, సెట్టింగుల్లో స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు, ఓంలలో) ఎంత పెట్టారు?

పానగల్ శ్రోత · మార్చి 3, ఉదయం 7:05

సార్, పోగులు బాగానే ఉన్నాయి, రెండు వైపులా విప్పి మెలితిప్పి మళ్లీ పెట్టాను. రిసీవర్ షోకేసులో ఉంది. దాని మీద మా అమ్మ అల్లిన క్రోషా గుడ్డ ఉంది. టీవీ మీద ఉండేది, టీవీ పలచబడ్డాక అది దీని మీదికి వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే ఇడ్లీ పాత్ర మూతలా ఉంది. తీసేశాను.

ఇంపీడెన్స్ 4 ఓంలకు నేనే మార్చాను. ఈ స్పీకర్లను నడపడం యాంపుకు కష్టమని అంటారు కదా, దానికి సాయంగా ఉంటుందని.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 3, ఉదయం 7:30

చాలామంది చేసేదే. ఆ సెట్టింగ్ బలం పెంచేది కాదు, తగ్గించేది. చాలా ఏవీఆర్‌లలో అది లోపలి సప్లై వోల్టేజీని దించుతుంది, లేదా పవర్‌కు ముకుతాడు వేస్తుంది. వేడి ఎక్కువ కాకుండా కంపెనీ తన జాగ్రత్త తను పడటం. 8కి మార్చి, బయట పెట్టి, రెండు రోజులు విని చెప్పండి.

పానగల్ శ్రోత · మార్చి 5, రాత్రి 9:50

మెరుగే. వేడి తగ్గింది. కానీ నిన్న రాత్రి మళ్లీ పడింది, ఇవాళ రెండుసార్లు.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 6, ఉదయం 6:10

అయితే లెక్కలోకి వెళ్దాం. బడికి ఇంకా టైముంది.

ఎల్‌ఎస్50 సెన్సిటివిటీ 85 డీబీ (డెసిబెల్). అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 85 డీబీ. మీరు 11 అడుగుల దూరంలో ఉన్నారు, అక్కడికి వచ్చేసరికి ఓ పది డీబీ పోతుంది. గోడలు, రెండో స్పీకరు కలిసి ఓ ఐదు వెనక్కి ఇస్తాయి. కాబట్టి మీ కుర్చీ దగ్గర 80 అనుకోండి. 8 ఓంలకు 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు. మామూలుగా వినడానికి ఆ ఒక్క వాటు చాలు. నిజం. ఇంట్లోవాళ్లు మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి.

అయితే మృదంగం దెబ్బ సగటు మీద 20 డీబీ పైకి లేవగలదు. ప్రతి 10 డీబీకి పది రెట్ల పవర్ కావాలి, 20 డీబీకి వంద రెట్లు. అంటే ఆ ఒక్క క్షణానికి 100 వాట్లు. అంతకు మించి ఆ స్పీకరుతో మీకు పని లేదు. ఆ ఐదంగుళాల కోన్ ఎంత ఊగినా గరిష్ఠంగా 106 డీబీ అని కంపెనీయే రాసింది, యాంప్ కూడా 25 నుంచి 100 వాట్ల మధ్యదే పెట్టమంది.

ఇప్పుడు మీ రిసీవర్ 140 సంగతి. ఆ అంకె ఎలా వస్తుందో మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్క ఛానెల్ మాత్రమే నడిపి, 6 ఓంలకు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడటం) వచ్చేదాకా పిండితే 140. రెండు ఛానెళ్లు కలిపి, 8 ఓంలకు, శుభ్రంగా అంటే ఓ 80 ఉండొచ్చు. 80కీ 100కీ తేడా ఎంతో తెలుసా? ఒక్క డీబీ. చెవికి అందీ అందనంత. అందుకే జంక్షన్ తమ్ముడి 200 వాట్ల మాటకు అడ్డం పడ్డాను.

మరి పడిపోవడం ఎందుకు? స్పెసిఫికేషన్ పేజీలో ఇంపీడెన్స్ పక్కన "8 ఓంలు, కనిష్ఠం 3.2" అని ఉంటుంది. చిక్కంతా ఆ 3.2లో ఉంది. 100 వాట్ల దెబ్బకు 28.3 వోల్టులు కావాలి, శిఖరం దగ్గర 40. నిజంగా 8 ఓంలే ఉంటే 5 ఆంపియర్లతో పోతుంది. అదే వోల్టేజీ 3.2 ఓంలున్న చోట పడితే 12.5 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ ఇవ్వడం ఏ యాంపుకైనా సులువే. అడిగినంత కరెంటు ఇవ్వగలగడానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కావాలి, అంటే బరువూ డబ్బూ. ఏడు ఛానెళ్లు, వీడియో బోర్డు, వైఫై అన్నీ ఒక డబ్బాలో కుక్కినప్పుడు ముందు కోత పడేది అక్కడే.

యాంప్ కొనేటప్పుడు 8 ఓంల అంకె పక్కన 4 ఓంల అంకె ఎంతో చూడండి. రెట్టింపుకు దగ్గరగా ఉంటే ఒంట్లో సత్తువ ఉన్నట్టు. 4 ఓంల అంకే ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ఊహించుకోండి.

జడ్చర్ల జంక్షన్ · మార్చి 6, ఉదయం 8:45

సార్, ఒప్పుకున్నా. ఒక డౌట్. నా టవర్ స్పీకర్లు మల్టీమీటర్‌తో కొలిస్తే 3.4 ఓంలు చూపించింది. నావీ కష్టమైనవేనా?

లెక్కల సార్, వనపర్తి · మార్చి 6, సాయంత్రం 5:20

మీటరు చూపేది డీసీ రెసిస్టెన్స్, అంటే తీగ చుట్టలో ఉన్నంత. ఇంపీడెన్స్ ప్రతి స్వరానికీ మారుతుంది, 100 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 2000 దగ్గర ఇంకొకటి. 3.4 చూపిందంటే 4 ఓంల స్పీకరు అయ్యుండొచ్చు, అంతవరకే. కష్టమా సులువా అన్నది గ్రాఫు చూస్తేగానీ తెలియదు.

పాలమూరు ప్యానెల్ · మార్చి 6, రాత్రి 9:10

సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇంపీడెన్స్ తక్కువ కావడం ఒక కష్టం, ఫేజ్ యాంగిల్ ఇంకో కష్టం. యాంప్ వోల్టేజీ ఇచ్చిన క్షణానే స్పీకరు కరెంటు తీసుకుంటే పేచీ లేదు. క్రాసోవర్‌లో (పై స్వరాలను, కింది స్వరాలను విడదీసే సర్క్యూట్) కాయిళ్లు, కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి వోల్టేజీ ఒకప్పుడు, కరెంటు ఇంకొకప్పుడు శిఖరానికి చేరతాయి. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు. అప్పుడు ట్రాన్సిస్టర్ మీద వోల్టేజీ ఎక్కువ ఉండగానే కరెంటు కూడా ఎక్కువ పోవాల్సి వస్తుంది. ఆ గుణకారమంతా వేడి. ప్రొటెక్షన్ సర్క్యూట్ దాన్ని చూసి జడుసుకుంటుంది. 4 ఓంలున్నా ఫేజ్ చెడ్డదైతే యాంపుకు 2 ఓంల స్పీకరంత బరువనిపిస్తుంది.

నా దగ్గర మాగ్నెపాన్ ఎల్‌ఆర్‌ఎస్ స్పీకర్లు ఉన్నాయి, పలచటి పలకల్లా ఉంటాయి. మెట్టుగడ్డలో మా ఇంటికొచ్చినవాళ్లు రూమ్ డివైడర్లు అనుకుంటారు. 4 ఓంలు, 86 డీబీ. ఆ 86 కూడా 2.83 వోల్టులకే, 4 ఓంలలో అది రెండు వాట్లు. ఒక వాటు లెక్కన 83 అన్నమాట. చూడ్డానికి ఎల్‌ఎస్50 కన్నా భయంకరం. అయితే వాటి ఇంపీడెన్స్ గీత నేల మీద నీళ్లు పోసినంత చదును, ఫేజ్ గొడవ దాదాపు లేదు. యాంపుకు పని మోటగా, ఏకధాటిగా ఉంటుంది, మెలికలుండవు. 4 ఓంల దగ్గర నిజాయితీగా 150 వాట్లు ఇచ్చే ఏదైనా నడిపేస్తుంది. అందుకే "కష్టమైన స్పీకర్లు" అని అన్నిటినీ ఒక గాటన కట్టకండి.

గద్వాల వాల్వు · మార్చి 6, రాత్రి 11:30

ట్రాన్సిస్టర్ల గోల ఎందుకండీ, వాల్వు యాంప్ పెట్టి చూడండి. నేను 300బీ వాల్వుతో సింగిల్ ఎండెడ్ (ఒకే వాల్వు మొత్తం పని చేసే రకం) యాంప్ కట్టుకున్నాను. 8 వాట్లే. కొత్తగా వచ్చినవాళ్లు లేవరు.

పాలమూరు ప్యానెల్ · మార్చి 6, రాత్రి 11:42

మీ స్పీకర్ల సెన్సిటివిటీ ఎంత గద్వాల గారూ?

గద్వాల వాల్వు · మార్చి 6, రాత్రి 11:50

97. 🙂

లెక్కల సార్, వనపర్తి · మార్చి 7, ఉదయం 6:00

అదీ సంగతి. 8 వాట్లంటే ఒక వాటు మీద 9 డీబీ. పానగల్ గారి కుర్చీలో 89 దగ్గర ఆగిపోతుంది. పైగా వాల్వు యాంపుల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. స్పీకరు ఇంపీడెన్స్ కొండలు లోయలుగా ఉంటే శబ్దమూ అదే ఆకారంలో ఎగుడుదిగుడు అవుతుంది. కొందరికి ఆ రంగు నచ్చుతుంది, కాదనను.

గద్వాల వాల్వు · మార్చి 7, ఉదయం 9:15

ఒప్పుకుంటా. కానీ ఎల్‌ఎస్50కి తాతగారు బీబీసీ ఎల్‌ఎస్3/5ఎ. 1970ల నాటిది, ప్రసారం వ్యానుల్లో వినడానికి చేసింది, లోపలివి కెఫ్ డ్రైవర్లే. దాని సెన్సిటివిటీ 82, 83. ఇంకా కష్టం అనాలి. అయినా మొదట్లో వచ్చినవి 15 ఓంలు కాబట్టి ఆనాటి చిన్న యాంపులు సుఖంగా నడిపేవి. తక్కువ మోగినా, ఎక్కువ లాగదు. మనవడు తాతలా ఉంటాడనుకుంటే ఇలాగే టక్కుమంటుంది.

మైక్‌సెట్ బాబాయ్ · మార్చి 7, మధ్యాహ్నం 2:25

పొద్దున పెళ్లి లోడింగు ఉండె, ఇప్పుడు చూసిన. ముప్పై ఏండ్ల సంది మైక్‌సెట్ నడుపుతున్నా, దేవరకొండ దిక్కు.

ముందుగాల ఒక మాట. ఎవరన్నా "పాత అహూజా యాంప్ 250 వాట్లది తక్కువకు ఉంది, పెట్టుకో" అంటే పెట్టుకోకు బిడ్డా. అది మంచిదే, గుడిలో, బడిలో ఏండ్లకేండ్లు నడుస్తది. కానీ దాని పని వేరు. 100 వోల్ట్ లైన్ మీద, దూరం దూరంగా కట్టిన హారన్లకు ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా పంపుతది. ఊరంతా మాట వినపడాలె, అంతే. వీణ వినడానికి చేసింది కాదు. పొరపాటున 100 వోల్ట్ టెర్మినల్‌కు నీ స్పీకర్ తగిలిస్తే అటు కాయిలన్నా పోతది, ఇటు యాంపన్నా పోతది.

నా దగ్గర క్రౌన్ ఎక్స్ఎల్ఎస్ 1502 యాంప్ ఉంది. ఛానెల్‌కు 8 ఓంలల్ల 300, 4 ఓంలల్ల 525, 2 ఓంలల్ల 775. మూడు అంకెలూ రాసిండ్రంటే నమ్మకం ఉన్నట్టే గదా సార్? ఆదివారం పొద్దున ఫంక్షన్ లేదు, నల్లగొండ వస్తున్నా. గడియారం సెంటర్‌కాడ కలువు, తీసుకపోయి పెట్టి చూడు, సాయంత్రం నాది నాకియ్యి. కొనకముందు ఇనాలె.

పానగల్ శ్రోత · మార్చి 7, మధ్యాహ్నం 3:00

బాబాయ్, ఏమనాలో తెలియట్లేదు. తప్పకుండా వస్తాను. మా రిసీవర్‌కు ప్రీ ఔట్ (బయటి యాంపుకు సిగ్నల్ ఇచ్చే సాకెట్) లేదు, సబ్‌వూఫర్‌కు ఇచ్చే సబ్ ఔట్ ఒక్కటే ఉంది. వాల్యూమ్ ఉన్న డాక్ (డిజిటల్ పాటను యాంపుకు ఇచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఒకటుంది, దాన్నుంచి నేరుగా ఇస్తాను.

మిర్యాల మిల్లు · మార్చి 7, సాయంత్రం 6:40

నాకు పాటల సంగతి పెద్దగా తెలియదు. రైస్‌మిల్లులో ఎలక్ట్రికల్ చూస్తాను. అందరూ స్పీకరు వైపు చూస్తున్నారు, ప్లగ్గు వైపు ఎవరూ చూడట్లేదు.

రిలే పడింది ఎప్పుడెప్పుడు? పైన పోస్టులన్నీ రాత్రివే. పగలు ఎప్పుడైనా పడిందా? ఆ టైములో వోల్టేజీ ఎంత? యాసంగి మోటార్లు, పైన కూలర్లు మొదలు. మీది ఊరి చివర లైనా?

పానగల్ శ్రోత · మార్చి 7, రాత్రి 10:05

అన్నా, మీరు అడిగాక గుర్తొచ్చింది. ఆదివారం పగలు ఇంతకన్నా పెద్ద సౌండ్ పెట్టినా పడలేదు.

ఇవాళ మల్టీమీటర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి కూర్చున్నాను. సాయంత్రం 5కి 221. 7:30కి 190. 8:15కి 184. అక్కడే ఊగుతూ ఉంది. 8:40కి పక్కింటి బోరు మోటారు వేశారు. ట్యూబ్‌లైటు ఒక్కసారి మిటకరించింది, మీటరు 168కి పడి మళ్లీ 181కి లేచింది. ఆ క్షణానే టక్. అప్పుడు మోగుతున్నది మృదంగం కూడా కాదు, వేణువు!

మిర్యాల మిల్లు · మార్చి 7, రాత్రి 10:20

దొరికింది దొంగ.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 8, ఉదయం 6:30

సగం దొంగే అంటాను. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ యాంపులో గోడ వోల్టేజీ పడితే లోపలి వోల్టేజీ అదే నిష్పత్తిలో పడుతుంది. 230కి 184 అంటే 0.8. పవర్ దాని వర్గం, 0.64. 80 వాట్లది 51 అవుతుంది. డీబీల్లో చూస్తే రెండే. ముందుగా క్లిప్ అవుతుంది, మృదంగం దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది. ఆ రెండు డీబీలకు రిలే పడిపోవాల్సిన పని లేదు.

మిర్యాల మిల్లు · మార్చి 8, ఉదయం 7:10

సార్, మీరు ఔట్‌పుట్ లెక్క చేశారు. రిలే నడిపేది, ప్రాసెసర్ నడిపేది వేరే చిన్న సప్లై. అది ఒక గీత కిందికి వెళ్తే ప్రాసెసర్‌కు "కరెంటు పోతోంది, స్పీకర్లు విడదీయి" అన్న సంకేతం. మిల్లులో కాంటాక్టర్లు ఇలాగే పడతాయి, మోటారు తప్పేం ఉండదు. 168 దగ్గర వేణువుకు పడిందంటే ఇంకేమిటి?

పాలమూరు ప్యానెల్ · మార్చి 8, ఉదయం 9:00

ఇద్దరి మాటా నిజం కావొచ్చు. రెండు జబ్బులుంటే రెండు పరీక్షలు చేయాలి. స్టెబిలైజర్ పెట్టి పాత రిసీవర్‌తో ఒక సాయంత్రం. క్రౌన్‌తో ఒక పగలు, వోల్టేజీ బాగున్నప్పుడు. రెండూ కలిపి చేస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు.

పానగల్ శ్రోత · మార్చి 10, రాత్రి 10:30

మొదటి పరీక్ష. ఫ్రిజ్ స్టెబిలైజర్ పీకి రిసీవర్‌కు పెట్టాను. మూడు గంటలు. అమ్మ పాలు విరుగుతాయని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. గోడ దగ్గర 182, స్టెబిలైజర్ తర్వాత 226. పక్కింటి మోటారు వేసినప్పుడు స్టెబిలైజర్ లోపల టిక్‌టిక్ మంది, రిసీవర్ మాత్రం పడలేదు. వేణువు, వీణ, పాటలు అన్నీ బాగున్నాయి.

చివర్లో తనియావర్తనం పెట్టి వాల్యూమ్ నా మామూలు స్థాయి కన్నా మూడు గీతలు పెంచాను. పడింది.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 11, ఉదయం 6:05

అంటే మిల్లు గారి దొంగ ఒకడు, నా దొంగ ఒకడు. లెక్క సరిపోయింది.

జడ్చర్ల జంక్షన్ · మార్చి 11, ఉదయం 8:30

నేనైతే పక్కింటాయన మోటారు మార్పిస్తా 😀

పానగల్ శ్రోత · మార్చి 16, రాత్రి 8:15

రెండో పరీక్ష. ఉదయం 10 గంటలకు బాబాయ్ టాటా ఏస్‌లో క్రౌన్ తెచ్చిచ్చారు. టీ తాగమంటే తాగలేదు, ఇంకో ఊరికి వెళ్లాలన్నారు. ఇంటికి తెచ్చి పెట్టాను. వోల్టేజీ 224.

మొదటి ఐదు నిమిషాలు తేడా ఏమీ తెలియలేదు. తక్కువ సౌండ్‌లో పాత రిసీవర్ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. నిజం చెప్పాలి కదా. వాల్యూమ్ పెంచాక తెలిసింది. తొప్పి మీద దెబ్బ పడితే ఆ చర్మం వంగి తిరిగి లేవడం వినిపించింది. ఇంతకు ముందు అక్కడ ఒక "ధబ్" మాత్రమే ఉండేది, దానితో పాటే వయొలిన్ కూడా ఒక్క క్షణం గరుకుగా అయ్యేది. ఆ గరుకుదనం రికార్డింగ్‌లో ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. రెండు గంటలు విన్నాను, ఒక్కసారీ పడలేదు.

ఒక్కటే బాధ, ఫ్యాన్. ఆలాపన మొదట్లో నిశ్శబ్దం ఉన్నచోట సన్నగా హుష్‌మంటూ ఉంటుంది. పెళ్లి పందిట్లో ఎవరికీ వినపడదు, హాల్లో వినపడుతుంది.

మైక్‌సెట్ బాబాయ్ · మార్చి 16, రాత్రి 9:00

ఫ్యాన్ తిరుగాలె బిడ్డా, అది ఎండల నిలబడి పనిచేసేది. నీ ఇంట్ల మూడు పిన్నుల సాకెట్‌ల అర్తింగు సక్కగ లేదు, నువ్వు తగిలిస్తుంటె ఫోన్‌ల ఉరుము (స్పీకర్ల గుయ్‌మనే హమ్) ఇనపడ్డది. ఉరుము పోవాలని పెద్ద పిన్ను విరగ్గొట్టేటోళ్లు ఉన్నరు, ఆ పని చెయ్యకు. ఎండాకాలం అర్త్ గుంతల బకెట్ నీళ్లు పొయ్యి.

పానగల్ శ్రోత · మార్చి 16, రాత్రి 9:20

పోశాను బాబాయ్. సగం తగ్గింది. మరి ఇప్పుడు ఏది కొనాలి? ఫ్యాన్ ఉండకూడదు, 184 వోల్టుల్లో కూడా నిలబడాలి, 40 వేలు.

పాలమూరు ప్యానెల్ · మార్చి 17, ఉదయం 8:50

రెండు దారులున్నాయి. మొదటిది, సెకండ్ హ్యాండ్ క్లాస్ ఏబీ (పాతకాలం నుంచి ఉన్న మామూలు పద్ధతి) స్టీరియో ఇంటిగ్రేటెడ్ యాంప్, బరువైనది, దానికో మంచి సర్వో స్టెబిలైజర్. వాట్ల అంకె చూసి మోసపోవద్దు. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 కాగితం మీద 20 వాట్లే, కానీ తక్కువ ఇంపీడెన్స్ స్పీకర్లకు జంకదని పేరు తెచ్చుకుంది, క్షణకాలం అంతకు రెండు, మూడు రెట్లు ఇవ్వగలిగేది. అయితే పాత యాంప్ అంటే కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి. మన దేశంలో తయారయ్యే నార్జ్ లాంటివి కొత్తవీ దొరుకుతాయి.

రెండోది, క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా వేగంగా ఆన్ ఆఫ్ చేసే పద్ధతి). వేడి తక్కువ, ఫ్యాన్ అక్కర్లేదు. బయట అడాప్టర్ పెట్టుకునేవాటిలో ఆ అడాప్టర్ మీద "100–240 వోల్టులు" అని ఉంటుంది. గోడ దగ్గర 168కి పడ్డా అది తన 48 వోల్టులు ఇస్తూనే ఉంటుంది.

మిర్యాల మిల్లు · మార్చి 17, ఉదయం 9:30

ఆ అడాప్టర్ వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాక్కుని పని నడుపుతుంది, తక్కువ వోల్టేజీలో మోటారులాగే. ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) అని రాసినవన్నీ ఇలా ఉండవు, కొన్నిటిలో లోపలి వోల్టేజీ గోడతో పాటే పడుతుంది. 100–240 అన్న ముద్ర చూసే తీసుకోండి. ఇంకో పని, మీ ఫేజు మీద లోడు ఎక్కువుందేమో లైన్‌మన్‌ను అడిగి, లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి. 168 అన్నది ఫ్రిజ్‌కు కూడా మంచిది కాదు.

లెక్కల సార్, వనపర్తి · మార్చి 17, సాయంత్రం 5:45

చైనా డబ్బాల మీద "300 వాట్లు" అని ఉంటే అడాప్టర్ చూడండి. 48 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే మొత్తం 240 వాట్లు. అంతకన్నా ఎక్కువ ఎక్కడి నుంచి తెస్తుంది? రెండు ఛానెళ్లకూ అదే సప్లై అయితే పంచుకోవాలి.

అయినా మన అవసరానికి చాలుతుంది. వీటిలో ఎక్కువగా వాడేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3255 చిప్. 48 వోల్టుల మీద బ్రిడ్జ్ పద్ధతిలో శిఖరం 45 దాకా వస్తుంది. 8 ఓంలకు లెక్కేస్తే 126 వాట్లు. మనకు కావాల్సింది 40 వోల్టుల శిఖరమే. కానీ 32 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేది చవక అని తీసుకోకండి, అది 50 వాట్ల పైన కాస్త అంతే.

గద్వాల వాల్వు · మార్చి 17, రాత్రి 11:10

నా మీద ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అన్నారు కదా సార్, మరి చవక క్లాస్ డి సంగతేమిటి? చివర్లో కాయిల్, కెపాసిటర్ ఫిల్టర్ ఉంటుంది. స్పీకరు 4 ఓంలైతే ఒకలా, 8 అయితే ఇంకోలా, పై స్వరాలు స్పీకరును బట్టి మారతాయి. నాకు రంగు ఉందంటారు, వాటికి లేదా?

పాలమూరు ప్యానెల్ · మార్చి 18, ఉదయం 8:20

సరిగ్గా పట్టుకున్నారు గద్వాల గారూ. అందుకే ఫీడ్‌బ్యాక్‌ను (బయటికి వెళ్లేదాన్ని యాంపే చూసుకొని సరిదిద్దుకోవడం) ఫిల్టర్ తర్వాత నుంచి తీసుకునే డిజైన్ చూడాలి. అప్పుడు స్పీకరు ఏదైనా పై స్వరాలు కదలవు. ఫోసీ వీ3 మోనోలో అలా చేశారు. ఒక్కో స్పీకరుకు ఒక్కో డబ్బా, వాల్యూమ్ ఉండదు. పానగల్ గారి డాక్‌లో వాల్యూమ్ ఉంది కాబట్టి నడుస్తుంది. రెండిటికీ వేర్వేరు 48 వోల్టుల అడాప్టర్లు తీసుకోండి.

పానగల్ శ్రోత · ఏప్రిల్ 6, రాత్రి 10:40

ఆలస్యానికి క్షమించండి. రెండు మోనోలు, రెండు అడాప్టర్లు తీసుకున్నాను. బడ్జెట్‌లో మిగిలినదాంతో ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది మీటర్లు. రెండు వారాలు వినకుండా రాయకూడదని ఆగాను.

నిన్న రాత్రి 8:30, మీటరు 179. పక్కింటి మోటారు వేశారు, ట్యూబ్‌లైటు మిటకరించింది, మృదంగం ఆగలేదు. డబ్బాల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. క్రౌన్‌తో పక్కపక్కన పెట్టి వినలేదు కాబట్టి ఏది గొప్పో చెప్పను. నా కుర్చీలో, నా వాల్యూమ్‌లో తేడా గుర్తుపట్టలేను. హుష్ లేదు, అది నాకు చాలు. స్పీకర్లు వెనక గోడకు దగ్గరగా ఉంటే కింది స్వరాలు గుమ్‌మంటున్నాయి, రెండడుగులు ముందుకు జరిపాను. తాండూరు బండల మీద గద్వాల నేత దుప్పటి మడిచి వేశాక, హాల్లో చప్పట్లు కొడితే వచ్చే మోత తగ్గింది. ఇది యాంపుకు సంబంధం లేదు, ఊరికే చెప్తున్నాను.

లైన్‌మన్ వచ్చి చూశాడు, ఫేజు మారుస్తానన్నాడు, ఇంకా మార్చలేదు.

జడ్చర్ల జంక్షన్ · ఏప్రిల్ 6, రాత్రి 10:55

పాత ఏవీఆర్ అమ్ముతావా అన్నా? నా టవర్లకు?

లెక్కల సార్, వనపర్తి · ఏప్రిల్ 7, ఉదయం 6:00

తమ్ముడూ, 3.4 ఓంలు అన్నావు. పై నుంచి మొత్తం మళ్లీ చదువు.

పానగల్ శ్రోత · ఏప్రిల్ 7, ఉదయం 7:15

అమ్మను తమ్మీ, టీవీకి పాత చిన్న స్పీకర్లతో వాడుతున్నాం. క్రోషా గుడ్డ మాత్రం ఇప్పుడు మోనో డబ్బాల మీదికి వచ్చింది. రోజూ పొద్దున నేను తీస్తాను, సాయంత్రానికి మళ్లీ ఉంటుంది.